ఒక్క శీతకాలం లెక్కతో రాయకు

చిరంజీవికి, ఆశీస్సులు.

పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ 'కొత్త రకం వైరస్: టీకా ఓడిపోయిందా?' అన్న శీర్షిక దగ్గర నాకు గుబులు పుట్టింది. ఆరు వారాల బిడ్డను ఎత్తుకుని టీకాకు బయలుదేరిన తల్లి ఆ ఒక్క పంక్తి చదివి గుమ్మంలోంచే వెనక్కి తిరిగితే? ఆ భయంతోనే ఈ ఉత్తరం.

నువ్వు ఆధారం చేసుకున్నది ఒక ఆసుపత్రి, ఒక శీతకాలం. ఈ వైరస్‌కు ఆ కొలత చాలదు. దీని జన్యు పదార్థం 11 ముక్కలుగా ఉంటుంది. ఒకే బిడ్డ పేగులో రెండు రకాలు కలిస్తే ముక్కలు ఇచ్చిపుచ్చుకుని మూడో రకం పుట్టవచ్చు. ఏ ఏడాది ఏ రకం ఎక్కువగా తిరుగుతుందన్నది టీకా రాకముందూ మారుతూనే ఉండేది.

నేనూ ఈ తప్పు చేశాను. ఒక ఊళ్లో ఒక్క ఏడాది అంకెలు పట్టుకుని పిల్లల్లో విరేచనాలు తగ్గుముఖం పట్టాయని రాశాను. మరుసటి చలికాలం అదే వార్డులో మంచాలు చాలలేదు. నా వ్యాసం చదివి నిశ్చింతగా ఉన్నవారు ఎందరో అన్న ఆలోచన ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే, ఏళ్ల తరబడి ఈ వైరస్‌ను గమనిస్తూ లెక్క రాసే నిఘా కథ రాయి అంటున్నాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2005 చివర్లో కొన్ని ఆసుపత్రులను కలిపి ఈ పని మొదలుపెట్టింది. వాంతులు, విరేచనాలతో చేరిన ఐదేళ్లలోపు పిల్లల మలం నమూనా తీసుకుంటారు. ఎలైజా అనే ల్యాబ్ పరీక్షలో వైరస్ కనిపిస్తే, దాని పైపొరలోని రెండు ప్రొటీన్ల జన్యువులను బట్టి రకం తేలుస్తారు. జీ1పీ[8] వంటి పేర్లు అలా వచ్చినవే. తొలి ఏళ్లలో అలా చేరిన ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు నలుగురికి రోటావైరసే కారణమని తేలింది. 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలో రోటా చుక్కలు ముందుగా నాలుగు రాష్ట్రాల్లో మొదలయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాత లెక్క లేకపోతే కొత్త లెక్కను దేనితో పోల్చేవాళ్లం?

ఆ తర్వాతి ఏళ్లలో జీ1పీ[8] వెనక్కి తగ్గి జీ3పీ[8] ముందుకు వచ్చిన మాట నిజం. నువ్వు పట్టుకున్నది అదే. కానీ ఇది వచ్చింది కనుక టీకా పోయింది అనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ టీకాలోని 116ఈ అనే వైరస్ రకం ఢిల్లీ ఎయిమ్స్‌లో, జబ్బు లక్షణాలేవీ లేని నవజాత శిశువుల్లో దొరికింది. అది జీ9పీ[11], దానిలోని ఒక ముక్క పశువుల వైరస్ నుంచి వచ్చింది. అయినా ఆ టీకా ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులతో జరిగిన పరీక్షలో తనకు సంబంధంలేని రకాల నుంచి కూడా రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ నూటికి నూరు పాళ్లు కాదు, తీవ్రమైన జబ్బు విషయంలో సగానికి కొంచెం పైన. ఈ మాట కూడా దాచకుండా రాయి. దాస్తే రేపు బయటపడ్డప్పుడు మిగతాదీ నమ్మరు.

శీర్షిక మార్చు. ప్రతి అంకె పక్కనా ఏ ఏడాది, ఎన్ని ఆసుపత్రులు, టీకాకు ముందా తర్వాతా అన్నది చేర్చు. 'నిరూపితమైంది' అన్న మాట మూడుచోట్ల వాడావు, మూడూ తీసెయ్యి. ఒకరోజు నమూనాలు తీసుకునే నర్సు పక్కన నిలబడు. నొప్పితో ముడుచుకున్న బిడ్డ, తల్లి అనుమతి అడిగే పద్ధతి, సీసా మీద అంటించే నంబరు, అది చేరాల్సిన చల్లటి పెట్టె చూసి రా. నీ వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టి మళ్లీ పంపు, చదువుతాను.