ఆరడుగుల అక్వేరియం: అద్దం కొనేముందు తేల్చుకోవలసినవి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పెద్ద అక్వేరియం కట్టించుకోవాలని ఉంది, కొలతలు చెప్పమన్నావు. చెబుతాను. అంతకన్నా ముందు రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకో. ఈ బరువంతా ఏ దారిన నేలకు దిగుతుంది? కరెంటు పోయినప్పుడు పైనున్న నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఈ రెండూ తేలితే మిగతావన్నీ ఎప్పుడైనా సర్దుకోవచ్చు. తేలకుండా కడితే తొట్టి నిండాక చేయగలిగేదేమీ ఉండదు.

ముందు బరువు సంగతి. నువ్వు అనుకుంటున్న తొట్టి 180 × 60 × 60 సెంటీమీటర్లు. బయటి కొలతల ప్రకారం 648 లీటర్లు వస్తుంది గానీ, అద్దం మందం, పైన వదిలే నాలుగు సెంటీమీటర్ల ఖాళీ పోను నిలిచేది సుమారు 560 లీటర్లు. అద్దం ఒక్క మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 12 మిల్లీమీటర్ల అద్దంతో ఖాళీ తొట్టే 120 కిలోలు దాటుతుంది. అడుగున ఐదు సెంటీమీటర్ల ఇసుక మరో 80 కిలోలు. స్టాండు, కింద సంప్ (పై తొట్టి నీరు దిగి, పంపుతో మళ్ళీ పైకి వెళ్ళే చిన్న తొట్టి), రాళ్ళు కలిపితే మొత్తం ఒక టన్ను దగ్గరకు వస్తుంది. అదంతా ఒక చదరపు మీటరు చోటులో నిలబడాలి. ఇళ్ళ అంతస్తులను మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల భారానికి లెక్కవేసి కడతారు. గట్టి నేల మీద వేసిన కింది అంతస్తు అయితే బెంగలేదు. మేడ మీదైతే గది మధ్యలో పెట్టకు. బరువు మోసే గోడను ఆనించి, దూలం మీదుగా వచ్చేలా చూడు. దానికి ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించు. ఈ ఒక్క విషయంలో మేస్త్రీ మాట, నా మాట రెండూ చాలవు.

స్టాండుకు 50 × 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టం, మూడు మిల్లీమీటర్ల మందంది తీసుకో. కాళ్ళు ఆరు: నాలుగు మూలల్లో, రెండు మధ్యలో. పైచట్రం కాళ్ళ తల మీద కూర్చోవాలి, కాళ్ళ పక్కన అతుక్కుని వేలాడకూడదు. చెక్కతో చేయించినా ఇదే సూత్రం. బరువు చెక్క మీంచి చెక్కకు దిగాలి, స్క్రూల మీద ఆగకూడదు. స్క్రూ పని ముక్కలను కలిపి ఉంచడం వరకే. వెనక వైపు ప్లైవుడ్ పలక గానీ ఏటవాలు పట్టీ గానీ తప్పకుండా బిగించు. నిలువు భారానికి తట్టుకునే స్టాండు కూడా పక్కకు తోస్తే ఒరిగిపోవచ్చు. వెల్డింగు వేడికి చట్రం మెలితిరుగుతుంది కాబట్టి ముందు చుక్కలు పెట్టించి, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిచి, సమానంగా ఉంటేనే పూర్తిగా అతికించమను. ఎపాక్సీ పెయింటు రెండు పూతలు వేయించు. పైన 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై వేసి, దాని అంచులకు కూడా రంగు పట్టించు. తేమ ముందు లోపలికి పోయేది అంచుల్లోంచే.

మట్టం దగ్గర చాలామంది పొరబడతారు. తొట్టి ఒక వైపుకు రెండు మూడు మిల్లీమీటర్లు వాలినా నీటిగీత వంకరగా కనిపిస్తుందంతే. మెలి అలా కాదు. మూడు మూలలు ఆని నాలుగోది గాలిలో ఉంటే అడుగు అద్దం మీద, మూలల సిలికాన్ మీద లాగుడు పడుతుంది. అతుకు విడిపోవడమో, అద్దం చిట్లడమో ఎన్ని నెలలకో జరగవచ్చు. అందుకే రసమట్టం నాలుగు అంచుల మీదా, రెండు కర్ణాల మీదా పెట్టి చూడు. తేడా ఉంటే స్టాండు కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టాలి గానీ, తొట్టికీ స్టాండుకూ మధ్య ఎప్పుడూ పెట్టకూడదు. అడుగు అద్దం నేరుగా పలక మీద కూర్చునే తొట్టి అయితే కింద పది మిల్లీమీటర్ల థర్మాకోల్ షీటు పరచు. ఇసుక రేణువంత ఎత్తుపల్లాలను అది మింగుతుంది. అడుగున ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్టికి మాత్రం షీటు వేయకు. అక్కడ బరువు చట్రం అంచులే మోయాలి.

అద్దం మీద ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది, ఎన్ని లీటర్లన్న దాన్ని బట్టి కాదు. కాబట్టి అందం కోసం ఎత్తు పెంచకు, వెడల్పు పెంచు. అరవై సెంటీమీటర్ల ఎత్తుకు 12 మిల్లీమీటర్లు చాలాలంటే పై అంచు చుట్టూ ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల అద్దం పట్టీలు, మధ్యలో రెండు అడ్డపట్టీలు ఉండాలి. గొట్టాలకు రంధ్రాలు తొట్టి అతికించక ముందే, చేతిలో ఉన్న బల్క్‌హెడ్ (రంధ్రంలో గొట్టాన్ని నీరు కారకుండా బిగించే ముక్క) కొలిచి కొట్టించు. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉండాలి. టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దానికి రంధ్రం కొడితే ముక్కలైపోతుంది. అడుగు అద్దం ఏ రకమో ముందే అడుగు. సిలికాన్ బూజునిరోధక మందు కలవనిది కావాలి. అతికించాక వారం రోజులు ముట్టుకోవద్దు.

ఇక నీళ్ళ ప్రశ్న. ఈ తొట్టిలో ఒక సెంటీమీటరు నీరంటే సుమారు పది లీటర్లు. కరెంటు పోగానే ఓవర్‌ఫ్లో (నీరు పొర్లి సంప్‌లోకి దిగే చోటు) అంచు దాకా ఉన్న నీరు దిగుతుంది, పంపు గొట్టం కూడా పై నీటిని సైఫన్‌లా దానంతటదే వెనక్కి లాగుతుంది. మూడు సెంటీమీటర్లు దిగితే 30 లీటర్లు, గొట్టాల్లోది అదనం. సంప్ 90 × 40 × 40 అయితే నడుస్తున్నప్పుడు నీరు 22 సెంటీమీటర్లు దాటనివ్వకు; అప్పుడు 60 లీటర్లకు పైగా ఖాళీ మిగులుతుంది. పైకి తిరిగొచ్చే గొట్టం మూతి నీటిమట్టం కింద రెండు సెంటీమీటర్ల లోపే ఉంచు. సైఫన్ తెగడానికి పెట్టే చిన్న చిల్లు నాచు పట్టి మూసుకుపోతుంది, చెక్ వాల్వులో (నీటిని ఒకవైపే పోనిచ్చేది) ఇసుక చేరి తెరుచుకుపోతుంది. వాటిని నమ్మి లెక్క తగ్గించకు. కిందికి దిగే గొట్టాలు రెండు పెట్టు: ఒకటి రోజూ నడిచేది, ఇంకోటి కాస్త ఎత్తులో, మొదటిది నత్తతోనో ఆకుతోనో పూడుకుపోతే ఆదుకోవడానికి.

పంపు పెట్టె మీద ఉన్న అంకె, నీటిని పైకి ఎత్తనవసరం లేనప్పటిది. నీకు గంటకు 2,500 లీటర్లు పైకి చేరాలంటే, ఒకటిన్నర మీటరు ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో గ్రాఫు చూసి కొను. సంప్ పైన చెయ్యి పెట్టి పనిచేయడానికి 30 సెంటీమీటర్లు ఉండేలా స్టాండు ఎత్తు 85 పెట్టించు. సంప్ తలుపులోంచి బయటికి వచ్చేలా ఉందో లేదో కూడా కొలుచుకో. ఇది మరిచి మధ్య కాలు అడ్డొచ్చి సంప్ బయటికి రాకుండా కట్టేసినవాళ్ళున్నారు. ప్లగ్గులు నీటిమట్టం కన్నా పైన, తీగలు కిందికి వంపు తిరిగి పైకి వెళ్ళేలా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతో (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించు. గోడకూ తొట్టికీ మధ్య 15 సెంటీమీటర్లు వదులు, గొట్టాలు తిప్పుకోవడానికి.

మోసుకొచ్చే దారి, తలుపులు, మెట్ల మలుపు టేపుతో కొలిచాకే ఆర్డరివ్వు. ఆరుగురు మనుషులు, అద్దాన్ని పట్టే రబ్బరు కప్పులు కావాలి.

తొట్టి కూర్చున్నాక మొదట పది సెంటీమీటర్లు నింపి, అంచు నుంచి నీటిదాకా నాలుగు మూలల్లో కొలిచి చూడు. అదే నీకు అసలైన రసమట్టం. ఆ తరువాత రోజుకో పావు వంతు నింపుతూ కింద పొడి పేపరు పరిచి ఉంచు. నిండాక వారం ఆగి, పంపు ఆన్‌లో ఉండగానే మెయిన్ స్విచ్ ఆపి, సంప్ ఎక్కడిదాకా నిండిందో గీత గీయి. మూడుసార్లు అలా చెయ్యి. ఇసుక, మొక్కలు వేయడం ఆ పరీక్ష గెలిచాకే. నీటిలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి ఇంకా నాలుగైదు వారాలు పడుతుంది, చేపలు అప్పటిదాకా ఆగుతాయి.

స్టాండు బొమ్మ గీసి, కొలతలతో పంపు. వెల్డరు దగ్గరకు వెళ్ళేలోపు ఒకసారి చూసి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న