అచ్చు కూజా మీద బొమ్మ ఎందుకు చెరుగుతోంది?

ప్రశ్న: పాతకాలపు ఇరాన్ నీలి కూజా ఫొటో చూసి, చెరువు మట్టితో రెండు ముక్కల అచ్చులో అలాంటిదే చేశాం. పొట్ట చుట్టూ వేటగాళ్లు, కుందేళ్లు. మొహాలు చెరిగిపోతున్నాయి, నడుము అతుకు విడిపోతోంది, సోడా గ్లేజు (గాజులాంటి పూత) నిండా వెంట్రుకంత పగుళ్లు. లోపం ఎక్కడ?
– కుమ్మరి కుటుంబం, వరంగల్ జిల్లా

జవాబు: ముందు గ్లేజు మానేయండి. 12, 13 శతాబ్దాల్లో ఇరాన్‌లోని కాషాన్ ఊరి కుమ్మరులు వాడింది మట్టి అనేకంటే పలుగురాయి పిండి అనాలి. ఆ ఊరి కుమ్మరి వంశంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో రాసిన పాళ్లు ఇవి: పలుగు పొడి 10, గాజు పొడి 1, తెల్లమట్టి 1. సోడా గ్లేజులో రాగి కలిస్తేనే ఆ నీలం. సీసం గ్లేజులో అదే రాగి ఆకుపచ్చ తేలుతుంది. సోడా గ్లేజు చల్లారుతూ బాగా ముడుచుకుంటుంది. పలుగు పాత్ర దాదాపు దానితో సమంగా ముడుచుకుంటుంది, చెరువు మట్టి అంత ముడుచుకోదు. అందుకే పగుళ్లు. పైగా మందంగా పూస్తే కళ్లూ ముక్కులూ పూడిపోతాయి.

ఇరాన్‌లోనే మరో ఊరు నిషాపూర్‌లో గ్లేజు లేని అచ్చు కూజాలూ చేశారు. తవ్వకాల్లో అచ్చులే దొరికాయి. మీ ఆముకు (కుండలు కాల్చే బట్టీకి) అవే నప్పుతాయి, నీళ్లూ చల్లబడతాయి.

అచ్చును మట్టితో చేసి, గ్లేజు లేకుండా ఒకసారి కాల్చండి. నూనె రాయకండి, రాస్తే నీళ్లు పీల్చదు, మట్టి అంటుకుంటుంది. బొమ్మ అంచులు బయటికి వాలుగా ఉండాలి. లోపలికి తొలిస్తే ఊడదీసేటప్పుడు ముక్కు అచ్చులోనే ఉండిపోతుంది. మట్టిని బట్టలో వడగట్టి, పూరీ పిండి కంటే మెత్తగా పిసికి, 6–8 మిల్లీమీటర్ల పలక చేయండి. బొమ్మ నడిమి నుంచి అంచులకు బొటనవేలితో ఒత్తుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలెడితే గాలి మధ్యలో చిక్కుతుంది. మీ మొహాలు చెరగడానికి చాలామటుకు కారణం ఇదే. పలక కాస్త బిగిశాక దానంతట అదే అచ్చును వదులుతుంది.

రెండు సగాలూ ఒకే తడిలో ఉన్నప్పుడే అంచులు గీరి, అదే మట్టి గంజి పూసి కలపండి. మెడ పెట్టకముందే పైరంధ్రంలోంచి చెయ్యి పెట్టి, అతుకు వెంట లోపల సన్నటి మట్టి తాడు అద్దండి. ఒక సగం ముందే ఆరితే ఎంత గంజి పూసినా విడిపోతుంది. మెడను సారె మీద వేరుగా చేసి అతికించి, నీడలో ఆరనివ్వండి.

ప్రశ్న: ముస్లిం దేశంలో మనుషుల బొమ్మలా?
– హనుమకొండ

జవాబు: ఖురాన్ ప్రతుల్లో బొమ్మలు వేయరు, మసీదుల్లోనూ సాధారణంగా ఉండవు. ఇంటి సామానుకు, రాజమందిరాలకు ఆ పట్టింపు తక్కువ. ఇక్కడ రుద్రమదేవి ఏలుతున్న 1270లలో, అక్కడ ఇరాన్‌ను ఏలిన మంగోలు రాజు అబాఖా ఖాన్ తఖ్త్-ఎ-సులేమాన్ అనే చోట తన భవనం గోడలకు డ్రాగన్లు, సీముర్గ్ అనే పురాణ పక్షులు ఉబ్బెత్తుగా ఉన్న అచ్చు పలకలు తాపించాడు.