కెమిస్ట్రీ చదివిన అమ్మాయి దైవశాస్త్రానికి వెళ్ళాలంటే

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం చదివి అధ్యాపకురాలిని అవుతానంటోంది. మాది సంఘానికి (చర్చికి) క్రమం తప్పకుండా వెళ్ళే కుటుంబమే అయినా, ఈ చదువుతో బతుకు గడుస్తుందా అని దిగులుగా ఉంది. నేరుగా థియాలజీ కాలేజీలో చేర్చమంటారా?"

అమ్మా, నేరుగా వద్దు. ముందు ఎం.ఏ. ఫిలాసఫీ చదివించండి.

కారణం చెబుతాను. మీ ఊళ్ళోనే 1910లో మొదలైన యునైటెడ్ థియలాజికల్ కాలేజీ వంటి చోట చదివే బి.డి.కి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, దైవశాస్త్ర డిగ్రీకి) పట్టా ఇచ్చేది సెరంపూర్ కాలేజీ సెనేట్. ఆ చదువు ప్రధానంగా సంఘ పరిచర్యకు, దైవశాస్త్ర కళాశాలల్లో బోధనకు దారి చూపుతుంది. చేరేటప్పుడు సాధారణంగా సంఘం సిఫారసు కూడా అడుగుతారు. విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ అధ్యాపక పదవికి అడిగే అర్హతలు వేరు. ఎం.ఏ.లో 55 శాతం మార్కులు తెచ్చుకుని యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక వేతనం) సాధిస్తే, పరిశోధనకు మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయలు వస్తాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ప్రారంభ మూలవేతనం 57,700. అయితే మన తెలుగు రాష్ట్రాల్లో ఫిలాసఫీ శాఖ ఉన్న డిగ్రీ కాలేజీలు చాలా తక్కువ కాబట్టి, ఉద్యోగం కోసం ఎక్కడికైనా వెళ్ళడానికి అమ్మాయి సిద్ధంగా ఉండాలి, ఎం.ఏ.కు రెండేళ్ళు, పీహెచ్‌డీకి నాలుగైదేళ్ళు పట్టే ఈ చదువును చివరిదాకా సాగనిచ్చే ఓపిక మీకూ ఉండాలి.

కెమిస్ట్రీ చదివినందుకు బెంగ పడకండి. 1918లో బార్సిలోనాలో మలబారు తండ్రికి, కాటలాన్ తల్లికి పుట్టిన దైవశాస్త్రవేత్త రైమన్ పణిక్కర్ మాడ్రిడ్‌లో 1946లో తత్త్వశాస్త్రంలోనూ, 1958లో రసాయనశాస్త్రంలోనూ డాక్టరేట్లు పొంది, దైవశాస్త్రంలో డాక్టరేటును చివరగా 1961లో రోములో అందుకున్నారు. ఆ తరువాతే 1966 నుంచి హార్వర్డులో, 1970ల మొదట్లో నుంచి శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఆయన కాశీలో ఉండి సంస్కృత గ్రంథాలను మూలంలోనే చదివారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. తెలుగు క్రైస్తవులు థియాలజీని వేదాంతం అంటారు. ఇతరులకు ఆ మాట వినగానే ఉపనిషత్తులు గుర్తొస్తాయి. ఈ రెండర్థాల మధ్య నిలబడి మాట్లాడగల పండితులు మనకు బాగా అవసరం. మీ అమ్మాయికి ఆ ఆశ ఉంటే సంస్కృతం ఇప్పుడే మొదలుపెట్టించండి, ఎం.ఏ. అయ్యాక బి.డి.లో చేరితే కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకు అక్కడ నేర్చుకుంటుంది.

హైదరాబాద్, పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఫిలాసఫీకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ ఈ కోర్సు ఉంది. సీయూఈటీ దరఖాస్తుల గడువు డిగ్రీ ఆఖరి పరీక్షలకు ముందే ముగిసిపోతుంది కనుక, ఆ తేదీలను ఈ వారంలోనే చూసి పెట్టుకోండి.