స్తంభానికి నెంబరు వేశారు, సరే... తర్వాత?

(పాఠకుల ప్రశ్నలకు, విద్యుత్ పంపిణీలో 33 ఏళ్లు పనిచేసి ఏడీఈ(అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు)గా రిటైరైన ఇంజినీరు జవాబులు)

ప్రశ్న: ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మా వీధి స్తంభాలకు పెయింటుతో నెంబర్లు వేసి, సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నారు. మా మీటరు నెంబరు కూడా ఎక్కించుకున్నారు. దీనివల్ల మాకేం ఒరుగుతుందండీ?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఒరుగుతుందమ్మా, కాకపోతే ఆ కుర్రాళ్లు వెళ్లిపోయాక మిగతావాళ్లు వాళ్ల పని వాళ్లు చేస్తేనే. ఫొటోతో పాటు ఆ స్తంభం ఎక్కడుందో శాటిలైట్ లెక్క ప్రకారం నమోదవుతుంది. మీ మీటరు ఏ స్తంభం నుంచి, ఆ స్తంభం ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, అది ఏ 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైను) మీద, ఆ ఫీడర్ ఏ సబ్‌స్టేషన్‌ది అని ఒక వంశవృక్షం తయారవుతుంది. జీఐఎస్ మ్యాపు అంటే ఇదే.

ఈ వంశవృక్షం తప్పితే ఏమవుతుందో నా సొంత అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక టౌన్లో రామాలయం దగ్గర ఒకటి, వాటర్ ట్యాంకు దగ్గర ఒకటి, రెండు 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. ఒక నెల రామాలయం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 18,400 యూనిట్లు పోతే దాని కింద బిల్లులయినవి 11,600. అంటే 37 శాతం గల్లంతు! ఇంకేముంది, దొంగ కనెక్షన్లని రాత్రిపూట వీధి వీధీ తిరిగాం. ఒక పిండిమిల్లు ఆయన మీద అనుమానంతో రెండుసార్లు మీటరు సీలు విప్పించాను. పాపం, రెండుసార్లూ టీ ఇచ్చాడు.

చివరికి మా కొత్త ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), చిన్నపిల్ల, అడిగింది: “సార్, ట్యాంకు దగ్గర 9,200 ఇచ్చి 14,900కి బిల్లు వేశాం. ఇచ్చినదానికంటే ఎక్కువ ఎలా అమ్మాం సార్?” ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. నేను పోయినవే చూశాను, వచ్చినవి చూడలేదు. అసలు సంగతేంటంటే, వేసవిలో ట్యాంకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, ఒక వీధిలోని 32 ఇళ్లకు రెండు రోజుల కోసమని జంపర్లు (లైన్లను కలిపే తీగముక్కలు) మార్చి రామాలయం నుంచి కరెంటు ఇచ్చారు. ట్యాంకుకు కొత్తది వచ్చినా ఆ వీధిని వెనక్కి మార్చలేదు, కంప్యూటర్లోనూ మార్చలేదు. అందుకే కరెంటు రామాలయానిది, బిల్లులు ట్యాంకు లెక్కలో. రెండూ కలిపి చూస్తే నష్టం 4 శాతమే. ఇప్పటికీ పిండిమిల్లు వైపు వెళ్తే నేను తల తిప్పుకునే వెళ్తాను.

కాబట్టి మీరు చేయగలిగింది ఒకటుంది. కరెంటు ఫిర్యాదుల నెంబరు 1912కి ఫోన్ చేసినప్పుడు సర్వీసు నెంబరుతో పాటు ఆ స్తంభం నెంబరు కూడా చెప్పండి. మ్యాపులో మీ ఇల్లు వేరే చోట ఉంటే అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: రాత్రి గాలివానకు మా ఫీడర్ పోతే తెల్లారేదాకా కరెంటు రాదు. కంట్రోల్ రూమ్‌లో అంతా కనపడుతుందంటారు. ఎక్కడ తెగిందో వాళ్లకు తెలియదా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: స్కాడా (సబ్‌స్టేషన్‌ను దూరం నుంచి కంప్యూటర్లో చూసే ఏర్పాటు) పెట్టిన చోట సబ్‌స్టేషన్లో బ్రేకర్ పడింది, అంటే లైను దానంతటదే ఆగింది, ఇంత ఫాల్ట్ కరెంటు (లోపం వల్ల ఒక్కసారిగా పారే ఎక్కువ కరెంటు) వచ్చింది అన్నదాకా కనపడుతుంది. గేటు దాటాక లైను గుడ్డిదే. ఏ చింతకొమ్మ మీద పడిందో కంప్యూటరుకు తెలియదు. మా రోజుల్లో లైను మధ్యలో ఏబీ స్విచ్ (లైనును రెండు ముక్కలుగా విడదీసే స్విచ్) తీసి ఛార్జి చేసేవాళ్లం. బ్రేకర్ నిలబడితే లోపం అవతల, మళ్లీ పడితే ఇవతల. అలా సగం సగం చేసుకుంటూ టార్చిలైటు పట్టుకుని నడిచేవాళ్లం. ఇప్పుడు ఫాల్ట్ ఇండికేటర్లని తీగకు తగిలిస్తున్నారు. ఫాల్ట్ కరెంటు తన గుండా పోతే ఎర్రలైటు వెలుగుతుంది, సిమ్ ఉన్నదైతే మెసేజీ కూడా పంపుతుంది. వెలిగిన ఆఖరిదానికీ వెలగని మొదటిదానికీ మధ్య వెతికితే చాలు. మీ ఫీడర్‌కు ఇవి ఉన్నాయా అని ఏఈని అడగండి.

ప్రశ్న: స్మార్ట్ మీటరు పెడితే, కరెంటు పోయిందని ఆఫీసుకు అదే చెబుతుందా?
– ఒక ఐటీఐ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఆ ఏర్పాటున్న మీటరైతే చెబుతుంది. కరెంటు పోయాక కూడా లోపలి కెపాసిటర్లో మిగిలిన కాస్త ఛార్జితో ఆఖరి మెసేజీ పంపుతుంది. ఒక్క మీటరే పంపితే ఆ ఇంటి గొడవ, ట్రాన్స్‌ఫార్మర్ కింద అన్నీ పంపితే ఫ్యూజో, ఆ పైనో. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఆర్‌డీఎస్ఎస్ అనే కరెంటు పంపిణీని బాగుచేసే పథకంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. అయితే మొదటి జవాబులోని 32 ఇళ్లను గుర్తుపెట్టుకో బాబూ. మ్యాపు తప్పయితే లైన్‌మన్ నిచ్చెన వేసుకుని రామాలయానికి బదులు ట్యాంకు దగ్గరికి పోతాడు.

ప్రశ్న: మా ఆయన లైన్‌మన్. ఇప్పుడు ఎల్‌సీ (లైను ఆపాం, పని చేసుకోవచ్చనే అనుమతి) కూడా ఫోన్లోనే వస్తోంది. ఫోన్లో లైను ఆఫ్ అని చూపిస్తే స్తంభం ఎక్కేయొచ్చు కదా అంటారు. నాకేమో టెన్షన్.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ టెన్షనే కరెక్టు తల్లీ. ఎల్‌సీ ఫోన్లో రావడం మంచిదే. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు, ఎన్ని గంటలకు అన్నది చెరిపేయడం కుదరదు. కానీ ఫోన్ చెప్పేది బ్రేకర్ సంగతి, తీగ సంగతి కాదు. ఊళ్లో ఎవరో ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైను నుంచి విడదీసేది) లేకుండా జనరేటర్ వేస్తే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లోకి వెనక్కి ఎక్కి, 11 కేవీ అయి బయటికొస్తుంది. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లున్న చోట ఒకటి ఆగితే రెండోది నడుస్తూనే ఉంటుంది. అందుకే ముందు టెస్టరు పెట్టి చూడాలి, తర్వాత పనిచేసే చోటికి రెండు వైపులా తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాలి, ఆ తర్వాతే తీగ మీద చెయ్యి పడాలి. ఈ రాత్రి మీ ఆయనను ఒక్కటే అడగండి: ఆ రాడ్లు బండిలో ఉన్నాయా, సబ్‌స్టేషన్లో మూలన ఉన్నాయా?