ముద్ర చూసి మోసపోకు అన్నా
అన్నా, నీలం పువ్వుల జాడీ అడుగున చైనా చక్రవర్తి కాంగ్షీ పేరుతో నాలుగక్షరాల ముద్ర ఉంది, అసలుదేనా అన్నావ్ కదా, ముద్ర ఒక్కటే చూసి డబ్బులు పెట్టకు. కాంగ్షీ 1722లోనే పోయాడు, కానీ ఆయన పేరు 19వ శతాబ్దం చివర్లో కూడా చైనాలో పింగాణీ చేసే ఊరు జింగ్‌దెజెన్‌లో తెగ వేసేశారు, మోసమనే కాదు, పాత పనితనం మీద గౌరవంతో కూడా, నాలుగక్షరాలదైతే మరీ ఎక్కువ. జాడీ బోర్లించి గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) లేని అడుగు అంచు మీద వేలు పెట్టి తిప్పి చూడు, కాంగ్షీ కాలం మంచి ముక్కల్లో మట్టి సన్నగా, అంచు నున్నగా ఉంటుంది, నీ ఫొటోలో గరుకుగా కనిపిస్తోంది. అడుగున ఇంగ్లీషులో చైనా అని కూడా ఉందా? ఉంటే, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా టారిఫ్ రూల్ వచ్చిన 1891 తర్వాతి ఎగుమతి సరుకే అయ్యుంటుంది. బొమ్మ మాత్రం భలే ఉంది, 19వ శతాబ్దం రేటుకిస్తే తీస్కో, లేకపోతే వదిలెయ్.