తిమోర్-లెస్తెలో ఆడవాళ్ల అక్షరాల తరగతి: మధ్యలో మానేయకుండా ఏం చేయాలి?

తిమోర్-లెస్తె (తూర్పు తిమోర్) కొండపల్లెలో పెద్ద వయసు ఆడవాళ్లకు చదువు చెప్పబోతున్నాం, సగంలో మానేయకుండా ఏం చేయాలని అడిగారు. అక్షరాలు కష్టమై మానేసేవాళ్లు తక్కువండి. వేళ, భాష, చూపు కుదరక మానేసేవాళ్లే ఎక్కువ.

2007లో క్యూబా సలహాదారులతో అక్కడి ప్రభుత్వం చేపట్టిన వయోజన చదువు పద్ధతిలో 65 డీవీడీ పాఠాలుంటాయి. వారానికి 5 చొప్పున 13 వారాలు. ఎర్మెరా వైపు కాఫీ కోతలప్పుడు ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు కాబట్టి కోతలయ్యాకే మొదలుపెట్టండి. మొక్కజొన్న విత్తే రోజుల్లో సెలవని ముందే చెప్పండి. చెప్పకపోతే నాలుగు రోజులు రాలేనివాళ్లు వెనకబడ్డామన్న సిగ్గుతో ఇక రారు.

1999 దాకా సాగిన ఇండొనేషియా పాలనలో రెండు మూడు తరగతులు చదివినవాళ్లకు ఈ పాఠాల్లో నేర్పే రోమన్ అక్షరాలు కొంత తెలుసు. వాళ్లకు వేరే బృందం పెట్టండి. బడి మొహం చూడనివాళ్ల పక్కన కూర్చోబెడితే జవాబులన్నీ వీళ్లే చెప్పేస్తారు, మిగతావాళ్లు నోరు విప్పరు.

పాఠాలు ఆ దేశపు అధికార భాషల్లో ఒకటైన తేతుమ్‌లో ఉంటాయి. బౌకౌ వైపు మకసాయె, బోబొనారోలో బునక్ మాట్లాడే ముసలమ్మల్లో చాలామందికి సంతకు సరిపడా తేతుమ్ మాత్రమే వస్తుంది. మాటను ముందు వాళ్ల భాషలో చెప్పి, వస్తువు చూపించి, తర్వాతే తేతుమ్‌లో రాయాలి. అందుకే ఆ ఊరి మనిషే టీచరుగా ఉండాలి.

మొదటి 10 పాఠాలు దయచేసి తొందరపెట్టి దాటేయకండి. అందులో తొలి 5 ఎక్కువగా చేతికి, కంటికి సాధన. పెన్సిల్ గట్టిగా నొక్కి ముల్లు విరగ్గొట్టేది ఇక్కడే. తర్వాత అచ్చులకు అంకెలు జతచేస్తారు: a 1, e 2, i 3, o 4, u 5. సంతలో డాలర్లు, సెంతావో నాణేలు లెక్కపెట్టే ఆమెకు ఇది హాయిగా ఎక్కుతుంది. అంకెలు గుర్తుపట్టలేని ఆమెకు మాత్రం బరువు రెట్టింపు. ఆమెకు ముందు ఒక వారం నాణేలతోనే అంకెలు నేర్పండి. ఆ పైన 42 పాఠాలు అక్షరాలకు, చివరి 13 పునశ్చరణకు.

పాఠం డీవీడీలో వస్తుంది కదా అని టీచరు పక్కకు వెళ్లి కూర్చోకూడదు. ప్రతి అక్షరం దగ్గరా ఆపి, అందరిచేతా రాయించాలి. డీవీడీకి కరెంటు జనరేటరుతో అయితే, దాన్ని గోడ అవతల, దూరంగా పెట్టండి. ఆ హోరులో అక్షరం పలుకు వినపడదు.

నలభై దాటినవాళ్లను సూదిలో దారం ఎక్కించమనండి. చెయ్యి దూరంగా జరిపితే చదివే కళ్లద్దాలు కావాలి. ఇది చూడక "నా బుర్రకు ఎక్కదు" అని వెళ్లిపోయేవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది.

65వ పాఠం తర్వాత చదవడానికి ఏమీ లేకపోతే కొన్ని నెలల్లో మరిచిపోతారు. అక్కడ లిసియో అనే తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకం ఉంటుంది. దాన్ని తరగతికి తెమ్మనండి, బిడ్డ పేరు, టీకా తేదీ తెచ్చిన ఆమెచేతే చదివించండి.