బీటీ పత్తిలో మిత్రపురుగులు తగ్గాయి: తప్పు విత్తనానిదా, మందుదా?

ప్రశ్న: గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో నాలుగెకరాల్లో బీటీ పత్తి (కాయతొలిచే పురుగులను చంపే బాక్టీరియా జన్యువు పెట్టిన విత్తనం) వేశాను. పచ్చదోమకు మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్ మూడుసార్లు కొట్టాను. పూత మీద తేనెటీగలు, ఆకుల మీద అక్షింతల పురుగులు బాగా తగ్గాయి. బీటీ విషం వల్లేనంటున్నారు. పక్కన మద్దిచెట్ల మీద మావాళ్లు దసలి పట్టు పెంచుతున్నారు. దానికీ ప్రమాదమా?

జవాబు: వాటిని చంపింది బీటీ కాదు, ఆ మూడు పిచికారీలు. బీజీ-2 (రెండు బీటీ జన్యువులున్న రకం) పత్తిలోని క్రై1ఏసీ, క్రై2ఏబీ ప్రోటీన్లు గొంగళి పురుగు పేగులోని క్షారానికి కరిగి, పేగు గోడకు అతుక్కుని తూట్లు పొడుస్తాయి. తేనెటీగకు, అక్షింతల పురుగుకు, సాలీడుకు పేగులో ఆ అతుక్కునే చోటే ఉండదు. గొంగళి పురుగుల మీదే బతికే పరాన్నజీవి కందిరీగలు మాత్రం మేత దొరక్క కొంత తగ్గుతాయి.

దసలి పురుగు కూడా గొంగళి పురుగే, కాబట్టి మీ అనుమానం సబబే. అయితే పత్తి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి కొట్టుకుపోయి మద్ది ఆకుల మీద పడేది కాదు. భయపడాల్సింది మీ స్ప్రేయర్ నుంచి గాలికి కొట్టుకెళ్లే మందుకే. గొంగళి పురుగులకు కొట్టే బీటీ బాక్టీరియా పొడిని కూడా ఆ చెట్ల దగ్గర కొట్టొద్దు.

పచ్చదోమ మీద బీటీ పనిచేయదు. అందుకే విత్తనానికి రంగు కలిపిన పురుగుమందు పట్టించి ఇస్తారు. మొదటి నెల రోజులు దాదాపు అదే కాపాడుతుంది, అప్పుడు పిచికారీ దండగ. ఆ తర్వాత పొద్దున్నే ఆకు తిప్పి చూడండి. లేత పచ్చ పిల్లపురుగులు పక్కకు నడుస్తూ ఆకుకు రెండు దాటి, అంచులు పసుపెక్కి ముడుచుకుంటుంటేనే మందు: ఫ్లోనికామిడ్ లీటరుకు 0.3 గ్రాములు. వచ్చే ఏడాది విత్తిన 20, 40, 60 రోజులకు ఇదే మందును 1:20 పాళ్లలో నీళ్లలో కలిపి, లేత కాండానికి బ్రష్‌తో పూయండి. ఆకుల మీద, పూల మీద మందు పడదు కాబట్టి మిత్రపురుగులు మిగులుతాయి.

నల్లగా, నారింజ మచ్చలతో మొసలి పిల్లలా కనిపించేది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తినేది అదే. చీడ అనుకుని దాన్ని చంపుకోవద్దు.

గులాబీ రంగు పురుగు బీజీ-2ను తట్టుకుంటోంది. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టండి. ఒక్కో బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడినా, 20 పచ్చికాయలు కోస్తే రెండింటిలో పురుగున్నా, థయోడికార్బ్ లీటరుకు 1.5 గ్రాములు కలిపి కొట్టాలి. తేనెటీగలు పొద్దుట పూల మీద ఉంటాయి కాబట్టి సాయంత్రమే కొట్టండి, గాలి మద్దిచెట్ల వైపు వీస్తుంటే ఆ రోజు ఆపేయండి.